చిక్కడపల్లి ఫ్లాపీ

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఆటో ఆగిపోయింది. దేశ రహస్యాలు మాట్లాడుకోవడానికి నగరంలో అంతకన్నా మంచి చోటు లేదు. ఆ హారన్ల మోతలో పక్కన కూర్చున్న మనిషి మాటే సరిగ్గా వినపడదు, ఇంక శత్రువు పెట్టిన మైకుకేం వినపడుతుంది?

"ఫ్లాపీ డిస్క్ ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా?" అడిగాడు మురళీకృష్ణ.

"టెక్నికల్ వింగ్‌లో చేరిన కొత్తలో అవి తుడవడమే నా పని సార్," అంది మహిత.

మురళీకృష్ణ డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆ డిపార్ట్‌మెంట్‌కి బోర్డు లేదు, అడ్రసు లేదు, జీతాలు మాత్రం ఒకటో తారీఖున పడతాయి. మహిత అందులో ఏజెంట్. ఇవాళ్టి వేషం నీలం చొక్కా, నల్ల టోపీ, భుజాన టూల్ బ్యాగు. చొక్కా జేబు మీద 'క్విక్ కంప్యూటర్ కేర్' అని దారంతో కుట్టారు. ఆటో నడుపుతున్న ముత్యాలు కూడా డిపార్ట్‌మెంట్ మనిషే. మహబూబ్‌నగర్ వైపు నుంచి కూలి పనికి వచ్చి, ఆటో కొనుక్కుని, నగరంలో ఏ సందు ఎక్కడ తేలుతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగినందుకు ఈ ఉద్యోగంలో పడ్డాడు.

"సిగ్నల్ పడేలోగా చెప్పేస్తాను," అన్నాడు చీఫ్. "శివార్లలో ఒకే కాంట్రాక్టరు కట్టిన పాత కెమికల్ గోడౌన్లు చాలా ఉన్నాయి. ప్రతిదాంట్లో క్లోరిన్ ట్యాంకు. దాన్ని నడిపేది ముప్పై ఏళ్ల నాటి కంప్యూటర్. పెట్టెకి సీలు వేశారు. బయటికి ఉండేది స్క్రీన్, కీబోర్డు, ఫ్లాపీ పెట్టే సందు. మాస్టర్ ఫ్లాపీ పెడితే ముందు అలారాలు ఆగిపోతాయి. ఆ తర్వాత వాల్వులు తెరుచుకుంటాయి."

"గ్యాసు బయటికొస్తే?"

"గోడలకి ఆనుకుని బస్తీలున్నాయి." ఆయన ఒకసారి సిగ్నల్ వైపు చూశాడు. "ఆ ఫ్లాపీ తయారుచేసిన ఇంజనీరు మొన్న బర్కత్‌పురలో మార్నింగ్ వాక్‌కి వెళ్లి తిరిగి రాలేదు. చంపేశారు. ఇంట్లో ఫ్లాపీ మాయం. ఆర్చిడ్ ముఠా పని."

ఆర్చిడ్ విదేశీ ముఠా. డబ్బు ఎవరిస్తే వాళ్ల తరఫున ఊళ్లు తగలబెడుతుంది.

"గోడౌన్లన్నిటికీ పోలీసుల్ని పెట్టేయొచ్చు కదా సార్?"

"పెడితే ఇవాళ మానుకుంటారు. వచ్చే నెల చేస్తారు. వాళ్లు ఏ గోడౌన్‌కి వెళ్తారో తెలియాలి, మెషీన్ ముందు నిలబడి ఉండగా పట్టుకోవాలి. టీములు శివార్లలో బండ్లలో సిద్ధంగా కూర్చున్నాయి. మన అదృష్టం ఏంటంటే, ఆ ఫ్లాపీ ఏ డ్రైవులోనూ చదవడం లేదు. ఇంజనీరు దాన్ని చిక్కడపల్లిలో ఒక డి.టి.పి. షాపులో కూర్చుని రాశాడట. ఆ కంప్యూటర్ ఇంకా బతికే ఉంది. వాళ్లు అక్కడికి తీసుకెళ్లారు. అక్కడా చదవలేదు. రిపేరుకి ఫోన్ చేశారు, ఆ ఫోన్ మనం ఎత్తాం. నువ్వు వెళ్లి, నీ బ్యాగులో ఉన్న డూప్లికేట్ ఫ్లాపీ అక్కడ పెట్టి అసలుది పట్టుకొచ్చేయాలి. లోపల మనవాడున్నాడు. సాయిచైతన్య."

మహిత తల బయటికి పెట్టి చూసింది. కరెంటు స్తంభం మీది ఫ్లెక్సీలోంచి సాయిచైతన్య నవ్వుతున్నాడు. అశోక్‌నగర్ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా ఆ నవ్వు లేని స్తంభం లేదు. చక్కటి గడ్డం, ఖరీదైన కోటు. గ్రూప్-వన్ పిల్లలకి 'అంతర్గత భద్రత' పాఠం చెబుతాడు. అతని బ్యాచ్‌లో సీటు దొరక్క ఏడ్చిన ఆడపిల్లలున్నారని చెప్పుకుంటారు. మూడేళ్లుగా డిపార్ట్‌మెంట్ కోసం ఆర్చిడ్‌లో దూరి పనిచేస్తున్నాడు.

"కోడ్?"

"నువ్వు 'కరెంటు ఉందా?' అనాలి. అతను 'ఇన్వర్టర్ మీద ఉంది' అంటాడు."

సిగ్నల్ పడింది. మురళీకృష్ణ దిగి జనంలో కలిసిపోయాడు. మహిత ఎడమ చెవి కమ్మలో మైకు ఉంది. అది పట్టే ప్రతి మాటా ముత్యాలు చెవిలోని ఇయర్‌ఫోన్‌కి చేరుతుంది.

కామాక్షి డి.టి.పి. అండ్ జాబ్ వర్క్స్ చిక్కడపల్లి మెయిన్ రోడ్డులోంచి లోపలికి పోయే ఒక సందులో ఉంది. యజమాని ఏడుకొండలు డెబ్బై దాటిన మనిషి. వాళ్ల నాన్న రేపల్లె నుంచి సెక్రటేరియట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, కోచింగ్ సెంటర్ల నోట్సు, అన్నీ ఈ షాపులోనే పుట్టాయి. ఆయన ఓ మూల స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. పక్కన ఒక తెల్లటి పొడుగాటి మనిషి లాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద పసుపు రంగుకి తిరిగిన కంప్యూటర్, దానికి కుంకుమ బొట్లు, ఎండిన బంతిపూల దండ. దసరా వెళ్లి వారం కూడా కాలేదు.

సాయిచైతన్య ఫ్లెక్సీలో కన్నా బాగున్నాడు.

"కరెంటు ఉందా?" అంది మహిత.

"ఇన్వర్టర్ మీద ఉంది," అన్నాడు అతను. "రా, మహితా."

ఆమె పేరు అతనికి చెప్పలేదు. ఎవరూ చెప్పకూడదు. ఆమె వెనక్కి తిరిగేలోపే పొడుగాటి మనిషి షట్టర్‌ని ధన్‌మని కిందికి లాగేశాడు. సాయిచైతన్య చేతిలోకి పిస్తోలు వచ్చింది. ఎడమ చేత్తో ఆమె చెవి కమ్మ తీసి, ఏడుకొండలు తాగి వదిలేసిన టీ గ్లాసులో వేశాడు. బ్యాగులోంచి డూప్లికేట్ ఫ్లాపీ తీసి రెండు ముక్కలు చేశాడు.

"మూడేండ్ల సంది మీ చీఫ్‌కి రిపోర్టులు రాస్తున్న," అన్నాడు. "ఒక్క కామా కూడా నిజం కాదు. గట్ల చూడకు. పని స్టార్ట్ చెయ్యి."

షట్టర్‌కి లోపలి నుంచి తాళం పడింది. కిటికీ లేదు. వెనక తలుపు ఎప్పుడో గోడ కట్టి మూసేశారు. పైన ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతోంది. బయట సందులో ముత్యాలు ఆటోలో ఉన్నాడని మహితకి తెలుసు. మైకు చచ్చిందని అతనికీ తెలిసి ఉంటుంది. కానీ గోడౌన్ పేరు తెలియకుండా తలుపు బద్దలు కొడితే ఇక్కడి మనుషులు దక్కుతారేమో గానీ ముఠా ఇవాళ్టికి మానుకుని వచ్చే నెల చేస్తుంది. అతను కదలడు. కదలకూడదని ఆర్డరు.

"నేను చెయ్యను," అంది.

సాయిచైతన్య పిస్తోలు ఏడుకొండలు తలకి ఆనించాడు. "సరే. అంకుల్‌తోని స్టార్ట్ చేద్దాం."

"అమ్మాయ్," అన్నాడు ఏడుకొండలు. "నా సంగతి వదిలెయ్యి. వీళ్లు అడిగింది చెయ్యమాక."

ఆ మాటతో మహిత కూర్చుంది. అంతటి మనిషిని చంపనిచ్చి ఆ తర్వాత తను ఎలా బతకాలో ఆమెకి తెలియలేదు. చేస్తే బస్తీ పోతుంది, చేయకపోతే ఈ మనిషి పోతాడు. ముందు ఆ డ్రైవుకి వచ్చిన జబ్బేమిటో చూద్దామనుకుంది.

అసలు ఫ్లాపీ పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. గరగరమని అరిచి, స్క్రీన్ మీద పాత పాటే పాడింది: జనరల్ ఫెయిల్యూర్ రీడింగ్ డ్రైవ్ ఏ. అబార్ట్, రిట్రై, ఫెయిల్?

పెట్టె విప్పింది. కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించింది. దూది పుల్లని స్పిరిట్‌లో ముంచి, డ్రైవులో డిస్కు మీద తిరిగే తలని తుడిచింది. పుల్లకి కాస్త కుంకుమ అంటింది గానీ జబ్బు కుదరలేదు. తన బ్యాగులో ఉన్న ఒక మామూలు ఫ్లాపీ పెట్టి చూసింది. అది చకచకా చదివింది. ఏడుకొండలు అల్మారాలోంచి పాత పెళ్లి పత్రికల ఫ్లాపీలు తీసి ఒక్కొక్కటే పెట్టింది. ఒక్కటీ చదవలేదు.

మహిత చెయ్యి ఆగిపోయింది. బయటి ఫ్లాపీ చదువుతుంది, ఇంట్లో పుట్టినవి చదవదు.

"ఏడుకొండలు గారూ, ఈ మధ్య దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

ఆ పరిస్థితిలో కూడా ఆయన మొహం వికసించింది. "ముట్టుకోకుండా ఎట్లాగమ్మా! దసరాకి ఆయుధపూజ కదా. పాడైన మెషీన్‌కి బొట్టు పెడతామా? ఈసారి మంచి మెకానిక్ దొరికాడు. దీని తల ఏళ్ల తరబడి కొంచెం పక్కకి వాలిపోయిందంట. పాపం, సరిచేసి నిలబెట్టాడు. ఇప్పుడు కొత్తదాన్లా ఉంది."

"అంతకుముందు మీ ఫ్లాపీలు చదివేదా?"

"బ్రహ్మాండంగా!"

మహితకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గీతల నోటుబుక్కులో గీత మీద కాకుండా గీతల మధ్య రాయడం అలవాటైన పిల్లాడి లాంటిది ఈ డ్రైవు. ఏళ్ల తరబడి వంకరగా రాసింది, ఆ వంకరనే చదువుకుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంజనీరు ఫ్లాపీ కూడా ఆ వంకరలోనే రాసినదే. అందుకే లోకంలోని మంచి డ్రైవులేవీ దాన్ని చదవలేకపోయాయి. చదవగలిగిన ఒకే ఒక్క డ్రైవుని భక్తిగా బాగుచేయించి కూర్చున్నాడు ఏడుకొండలు.

అప్పుడే ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చినందుకు భయం కూడా వేసింది.

"డ్రైవ్ తల అలైన్‌మెంట్ పోయింది," అని అబద్ధం చెప్పింది. "సెట్ చేస్తాను. కానీ స్క్రూ అరిగిపోయింది. కాపీ అయ్యేదాకా మోటారుని వేలితో నొక్కిపట్టుకోవాలి. ఒక ఖాళీ ఫ్లాపీ కావాలి. ఒక్కసారి కూడా ఫార్మాట్ చెయ్యనిది."

పొడుగాటి మనిషి మొదటిసారి నోరు తెరిచాడు. అతని పేరు విక్టర్. తెలుగు ఏ పాఠ్యపుస్తకంలో నేర్చుకున్నాడో గానీ, "దయచేసి త్వరపడవలెను," అన్నాడు.

తలని నడిపే చిన్న మోటారు రెండు స్క్రూల మీద కూర్చుని ఉంది. మహిత వాటిని వదులు చేసి, మోటారుని వెంట్రుకవాసి పక్కకి తిప్పింది. రిట్రై నొక్కింది. చదవలేదు. ఇంకాస్త తిప్పింది. గరగర ఆగి, టక్ టక్ మని మెత్తటి చప్పుడు వచ్చింది. స్క్రీన్ మీద ఫైళ్ల పేర్లు బారుగా దిగాయి.

"అద్భుతము!" అన్నాడు విక్టర్.

కాపీ మొదలైంది. పాత కంప్యూటర్ ముందు ఫ్లాపీ మొత్తాన్ని తన మెమరీలోకి లాక్కుంది. తర్వాత, ఖాళీ ఫ్లాపీ పెట్టమంది. విక్టర్ ఒకటి తీసిచ్చాడు. ఇక్కడే ఉంది కిటుకు. రాసేటప్పుడు తల ఎక్కడుంటే రాత అక్కడ పడుతుంది. ఫ్లాపీలో బయటి వలయంలో ఫైళ్ల పేర్లుంటాయి. లోపలి వలయాల్లో అసలు ప్రోగ్రాము ఉంటుంది. మహిత మోటారుని తిన్నగా తిప్పి పట్టుకుంది. పేర్లు తిన్నగా పడ్డాయి. టక్, టక్. ఇప్పుడా, ఇంకా ముందుకెళ్లాకా? పిస్తోలు చల్లగా మెడకి తగులుతోంది. చెమట పట్టిన వేలితో ఆమె మోటారుని వంకరకి నెట్టింది. ఇక మీదట పడే రాతని బయటి డ్రైవేదీ చదవలేదు.

ఆ నెట్టడం ముందు జరిగిందో, ఆలస్యంగా జరిగిందో ఆమెకే తెలియదు. ఆలస్యమైతే ప్రోగ్రాము మొత్తం చక్కగా పడి ఉంటుంది. అప్పుడు ఆమె తన చేత్తోనే బస్తీని చంపినట్టు.

విక్టర్ కాపీని తన లాప్‌టాప్‌కి తగిలించిన డ్రైవులో పెట్టాడు. ఇందాకటి దాకా అసలు ఫ్లాపీని చూసి మొహం తిప్పుకున్న డ్రైవు అది. ఇప్పుడు ఫైళ్ల పేర్లన్నీ చూపించింది. విక్టర్ తృప్తిగా తలూపి ఫ్లాపీ జేబులో పెట్టుకున్నాడు. షట్టర్ కొంచెం లేచింది, అతను వంగి దాటాడు, షట్టర్ మళ్లీ పడింది.

"వాల్వులు ఓపెన్ అయినంక ఫోన్ చేస్తడు," అన్నాడు సాయిచైతన్య. "గప్పటిదాంక మనం ఇక్కడనే."

గదిలో గాలి చిక్కబడింది. సాయిచైతన్య కాలు మీద కాలేసుకుని, మన దేశంలో నిఘా వ్యవస్థ ఎందుకు విఫలమవుతోందో కారణాలు వరసపెట్టి చెప్పాడు. పాఠం బాగానే ఉంది. అదే మహితకి మరీ ఒళ్లు మండించింది. బయట ఎవరో కూరగాయల వాడితో బేరమాడుతున్నారు. ఆ గొంతులు అంత దగ్గరగా వినపడుతుంటే, ఈ రేకు అవతల లోకం మామూలుగా నడుస్తుంటే, ఆమెకి అరవాలనిపించింది. ఏడుకొండలు ఆమె వైపే చూస్తున్నాడు. తన కోసం ఆ పిల్ల లొంగిపోయిందనుకుంటున్నాడు. ఆయన కళ్లల్లోకి చూడలేక మహిత డ్రైవు వైపు తిరిగింది.

గంట దాటాక ఫోన్ మోగింది. వీడియో కాల్.

"పేర్లు కనిపించుచున్నవి. తెరుచుకొనుట లేదు," అన్నాడు విక్టర్.

మహితకి ప్రాణం లేచివచ్చింది. మరుక్షణమే అర్థమైంది, అతను సాయం కోసం చేశాడు. నగరాన్ని ఊపిరాడకుండా చంపబోతున్నవాడు కూడా కంప్యూటర్ మొరాయిస్తే మెకానిక్‌కే ఫోన్ చేస్తాడు.

సాయిచైతన్య ఫోన్ ఆమె ముందు పెట్టాడు. "ఏందిది? చెప్పు ఆయనకు."

"సార్," అంది మహిత గొంతు పెంచి, కాల్ సెంటర్ అమ్మాయిలా. "స్క్రీన్ మీద ఏముందో చదవండి. పైనుంచి. ఒక్క అక్షరం వదలొద్దు."

"పద్మజ కెమికల్స్. యూనిట్ టూ. ట్యాంకు కంట్రోల్."

"పద్మజ కెమికల్స్, యూనిట్ టూ!" అని ఆమె సందు దద్దరిల్లేలా అరిచింది. "ట్యాంకు కంట్రోల్! ఓకే సార్!"

"ఎందుకు ఒర్లుతున్నవ్?"

"అక్కడ మోటార్ల సౌండులో ఆయనకి వినపడొద్దా?"

షట్టర్ అవతల ఆటో స్టార్టయింది. సందు చివరిదాకా వెళ్లి ఆగింది. మహిత అటు చూడలేదు.

"ఇప్పుడు రిట్రైకి ఆర్ నొక్కండి సార్. మళ్లీ. ఫ్లాపీ తీసి, ఒకసారి ఊది పెట్టండి. మళ్లీ ఆర్."

"ఆ. కదులుచున్నది," అన్నాడు విక్టర్. "అలారం ఆఫ్ అని వచ్చినది!"

అంటే మహిత చెయ్యి తప్పింది. మోటారుని ఆలస్యంగానే నెట్టింది. ప్రోగ్రాము మొదటి భాగం తిన్నగా పడిపోయింది. ఇక మిగిలింది వాల్వులే. టక్, టక్ మని అక్కడి డ్రైవు నడుస్తున్న చప్పుడు ఫోన్‌లో వినపడుతోంది. ఎంతమంది పిల్లలు ఇప్పుడు ఆ గోడ పక్కన ఆడుకుంటున్నారో.

గరగర.

"అబార్ట్, రిట్రై, ఫెయిల్," చదివాడు విక్టర్ నిరాశగా.

సాయిచైతన్య చూపు ఫోన్ మీంచి బల్ల మీది డ్రైవుకి దిగింది. వదులుగా వేలాడుతున్న స్క్రూలు చూశాడు. వంకరగా ఉన్న మోటారు చూశాడు. తెలివైనవాడు, అర్థం చేసుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

"కావాలని చేసినవ్," అంటూ పిస్తోలు ఎత్తాడు.

గది ఒక్కసారిగా చీకటైపోయింది. స్టూలు మీద ముడుచుకున్న ఏడుకొండలు చెయ్యి చాచి మెయిన్ స్విచ్ దించేశాడు. ముప్పై ఏళ్లుగా షాపు మూసేటప్పుడు చూడకుండా దించే స్విచ్ అది. పిస్తోలు పేలింది, ఎక్కడో అద్దం పగిలింది. మహిత నేల మీద పడి, రెండు కాళ్లతో బల్లని బలమంతా పెట్టి తన్నింది. దాని మీదున్న పాత డాట్ మాట్రిక్స్ ప్రింటర్ జారి సాయిచైతన్య పాదాల మీద పడింది. ఆ ప్రింటర్ బరువు తెలిసినవాళ్లకి ఆ కేక ఎందుకు వచ్చిందో చెప్పక్కర్లేదు.

షట్టర్ బయటి నుంచి చిరిగినట్టు లేచింది. వెలుతురు, ముత్యాలు, వెనక నలుగురు డిపార్ట్‌మెంట్ మనుషులు. నేల మీద పడిన ఫోన్‌లోంచి విక్టర్ గొంతు వస్తూనే ఉంది: "మరల ఆర్ నొక్కవలెనా? నొక్కవలె..." తర్వాత ఎవరో "చేతులెత్తు!" అని అరిచారు. ఇంక అతని గొంతు రాలేదు.

సాయిచైతన్యని కుంటించుకుంటూ తీసుకెళ్తుంటే సందులో చేరిన గ్రూప్-వన్ పిల్లలు ఫోటోలు తీశారు. కాసేపటికి వచ్చిన మురళీకృష్ణ అసలు ఫ్లాపీని కవర్లో వేసుకుని, కమ్మ ఉన్న టీ గ్లాసుని కూడా ఎవిడెన్సు కింద పట్టుకెళ్లాడు.

ముత్యాలు ఆటో దగ్గర నిలబడి ఉన్నాడు. తాళంచెవి పెడుతున్నాడు, తీస్తున్నాడు, బండి మాత్రం ఎక్కడం లేదు.

"ఏమైంది ముత్యాలన్నా?"

"యూనిట్ టూ గోడ పక్కనే మా ఇల్లు, అక్కా," అన్నాడు. "మావోడు గాడనే గోళీలాడుతుంటడు. నువ్వు గా పేరు ఒర్లంగనే నాకు కాళ్లు చేతులాడలే. గాడికి ఉరుకుదమనుకున్న. నువ్వు లోపలున్నవు. ఆర్డరు టీముకు చెప్పమని. చెప్పిన. చెప్పి ఇక్కడనే నిలబడ్డ." అతను మొహం తుడుచుకున్నాడు. మహిత అతని భుజం మీద చెయ్యి వేసింది. ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. అతను ఇంటికి కలిపాడు. అవతల ఓ పిల్లాడి గొంతు, "నాయినా, ఎప్పుడొస్తవ్?" అంది.

ఆమె లోపలికి వచ్చేసరికి ఏడుకొండలు మళ్లీ మెయిన్ స్విచ్ వేసి, కింద పడిన కంప్యూటర్‌ని బల్ల మీదికి ఎత్తుకుని కూర్చున్నాడు. మానిటర్ పగిలింది గానీ పక్క షాపు వాళ్లది తెచ్చి తగిలించారు. మహిత స్క్రూడ్రైవర్ తీసింది.

"ఉండండి, దీన్ని మళ్లీ తిన్నగా పెట్టేస్తాను."

"వద్దమ్మా!" ఆయన డ్రైవుకి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఇప్పుడే మా అమ్మాయి పెళ్లి పత్రిక ఫ్లాపీ పెట్టి చూశాను. చదివింది. మళ్లీ దాన్ని బాగుచెయ్యమాక."

మహిత స్క్రూలు ఆ వంకరలోనే గట్టిగా బిగించింది. ఆ సాయంత్రం ఆమె చీఫ్‌కి రాసిన రిపోర్టు ఒకే వాక్యం: 'సదరు డ్రైవు దసరాకి బాగుపడి ఉండగా, డిపార్ట్‌మెంట్ తరఫున చెడగొట్టి యజమానికి అప్పగించడమైనది.'